ఆకాశం నుంచి చల్లగా కనిపించిన కాలనీ

"మా కాలనీ చల్లగా ఉండాదని రాసినోల్లు ఎవురో గానీ, ఒక దినం వచ్చి మా ఇండ్లల్లో పండుకొని పోవల్ల."

కడప జిల్లా కమలాపురం వైపు నుంచి మా ఆఫీసుకు చేరిన అర్జీలో మొదటి వాక్యం ఇది. కింద సంతకాలు, వేలిముద్రలు. అన్నిటికంటే పైన వంకర అక్షరాలతో హుసేనమ్మ అని ఒక పేరు. ఆ రాసినోళ్ళు ఎవరో నాకు బాగా తెలుసు. నేనే.

నా ఉద్యోగం హైదరాబాదులో, ఏసీ గదిలో. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల్లో పరారుణ కెమెరాలుంటాయి. కుంపటిని ముట్టుకోకుండానే దాని సెగ మన చేతికి తెలుస్తుంది కదా, ఆ కెమెరాలకు నేల సెగ అలా తెలుస్తుంది. అవి పంపిన కొలతలను నేను రంగులుగా మారుస్తాను. ఎరుపంటే నేల కాలుతోందని, నీలమంటే నయమని. నా మ్యాపు చూసే ఈ వేసవికి ఏయే కాలనీల పైకప్పులకు చలవ పూత వేయాలో, ఎక్కడ నీడ షెడ్డు కట్టాలో జాబితా తయారైంది. నాపరాయి గనుల పక్కనున్న హుసేనమ్మ కాలనీ నా మ్యాపులో నీలంగా వచ్చింది. దాన్ని జాబితాలోంచి కొట్టేశారు.

జాబితా శనివారంతో మూసేస్తారు. మా ఉపగ్రహం ఆ కాలనీ మీదుగా వెళ్ళేది గురువారం పొద్దున పది గంటల ముప్పై ఆరు నిమిషాలకు. అది తప్పితే మళ్ళీ పదహారు రోజులకు. అర్జీ నిజమో మ్యాపు నిజమో ఆ ఒక్క పొద్దునే తేలాలి. పదేళ్ళుగా రాయలసీమకు ఎర్ర రంగు వేస్తున్నదాన్ని, ఆ నేల మీద ఒక్కసారైనా కాలు పెట్టలేదు. పెట్టాల్సొచ్చింది.

కర్నూలు

మంగళవారం తెల్లారేసరికి కర్నూలులో ఉన్నాను. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు నలభై రూపాయలు. మా గోదావరి జిల్లాలో మరమరాలనేవి పిల్లలు జేబులో పోసుకుని తినేవి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి ఏకంగా పొద్దుటి భోజనం చేసేశారు. బజ్జీ కొరికాక కాసేపు నా చెవులు నావి కావు.

నేలను తాకకుండా వేడి కొలిచే చిన్న పరికరం ఒకటి నా చేతిలో ఉంది. తుపాకీలా ఉంటుంది. దాన్ని గోడకు గురిపెట్టి సరిచూసుకుంటుంటే హోటలాయన గల్లా పెట్టె వదిలి వచ్చి నుదురు ముందుకు చాచాడు. రెండు దినాలుగా ఒళ్ళు కాల్తాంది, చూడమ్మా అన్నాడు. కరోనా రోజులు నేర్పిన అలవాటు. ఇది మనుషులకు కాదు, గోడలకూ నేలకూ అని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి, "గోడకు జరమా తల్లీ?" అన్నాడు.

నా జీపు డ్రైవరు ఓబులేసు, యాభై దాటిన మనిషి. ఓబులేసు గారూ అని పిలిస్తే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. గారు అంటే కోర్టులో పిలిచినట్టు ఉంటుందట, ఓబులేసు అంటే చాలన్నాడు. దారిలో వచ్చిన పని గురించి చెప్పాను. అంతా విని, ఆ కాలనీకి మీరు ఎప్పుడైనా పోయినారా మేడం అని అడిగాడు. లేదన్నాను. అద్దంలోంచి నన్నొకసారి చూసి గేరు మార్చాడు. ఆ చూపు నాకు బజ్జీ కంటే ఘాటుగా తగిలింది.

మంత్రాలయం

మంత్రాలయం వెళ్ళింది మొక్కుకు కాదు, ఇసుక కోసం. వేసవిలో తుంగభద్ర సన్నబడి వెడల్పాటి ఇసుక మేట బయటపడుతుంది. అంతా ఒకే తీరుగా ఉండే అలాంటి చోట నా పరికరం చెప్పేదీ పైనుంచి కెమెరా చెప్పేదీ పోల్చి చూసుకోవచ్చు. ఇసుకలో దిగాక చెప్పు ఒకటి తెగింది. రెండో కాలు చెప్పుతో, మొదటి కాలు గెంతుతో గట్టెక్కాను. స్నానాలు చేస్తున్న కన్నడ ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాల్సిన అవసరమూ లేదు.

గట్టు మీద కొబ్బరికాయల అంగడి శెట్టిగారు నన్ను పిలిచి నీడన కూర్చోబెట్టారు. సుగంధి వేళ్ళతో చేసే నన్నారి షర్బత్ ఇచ్చారు. డబ్బు తీయబోతే, "దుడ్లు వద్దమ్మా, కాలు కాల్చుకొని వచ్చినావు" అన్నారు. అప్పుడు పది దాటింది. మఠం వైపు పోయే దారిలో భక్తుల కాళ్ళు కాలకుండా పీచు పట్టా పరిచి, ఒకతను పైపుతో తడుపుతున్నాడు. ఊరికే కొలిచాను. బండ యాభై నాలుగు డిగ్రీలు. దాన్ని ఆనుకునే ఉన్న తడి పట్టా ముప్పై ఒకటి.

తల ఎత్తి చూస్తే శెట్టిగారి అంగడి రేకు మీద కూడా తడి గోనెసంచులు ఉన్నాయి. అడిగితే, పదికి ఒకతూరి, పన్నెండుకు ఒకతూరి నీళ్ళు పోయిస్తామని, లేకపోతే ఈ రేకు కింద మనిషి నిలవడని చెప్పారు.

షర్బత్ గ్లాసు పక్కన పెట్టేశాను. మా కెమెరా చూసేది పైకప్పును, కింద ఉన్న మనిషిని కాదు. చూసేది పదిన్నరకు. అప్పటిదాకా తప్పు ఏదో నా లెక్కల్లో ఉందనుకుంటూ వచ్చాను. లెక్క సరిగ్గానే ఉండి నేనే తప్పయి ఉండొచ్చని మొదటిసారి భయం వేసింది.

కడప

బుధవారం కడపలో కారం దోసె తిన్నాను. ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. యాభై రూపాయలు. మా వైపు పెసరట్టుకు అల్లం ముక్క తగిలితేనే గొప్ప. ఇక్కడ రెండో ముక్కకే కళ్ళ నీళ్ళు వచ్చాయి, మూడో ముక్కకు ఇంకొకటి వేయమన్నాను.

జాబితా చూసే అధికారి మర్యాదస్తుడు. నా మాటలన్నీ విన్నాడు. గీత కొట్టింది మీ మ్యాపు చూసే కదమ్మా, ఇంకో మ్యాపు ఇయ్యండి, గీత తీసేస్తాం, అది శనివారం లోపల రావల్ల అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

బయటికొచ్చి ఆకాశం చూశాను. మబ్బు అడ్డం వస్తే పరారుణ కెమెరాకు నేల కనపడదు. పడమట చిన్న తెల్ల ముక్క ఒకటి ఉంది. నేను అయిదు నిమిషాలకోసారి తల పైకెత్తడం చూసి ఓబులేసు, "మోడం రాకూడదని మొక్కుకునే మనిషిని ఈ సీమలో మిమ్మల్నే చూస్తాండా మేడం" అన్నాడు. నవ్వాను గానీ నిజంగానే మొక్కుకుంటున్నాను.

గనుల పక్కన

కమలాపురం దాటి కొంతదూరం పోయాక రోడ్డుకు రెండు పక్కలా నాపరాయి గనులు. తవ్వి వదిలేసిన గుంతల్లో పచ్చటి నీళ్ళు, గట్ల మీద పనికిరాని బండ ముక్కల గుట్టలు. వాటి మధ్య అరవై డెబ్బై ఇళ్ళు, అన్నిటికీ సిమెంటు రేకులే. రేకుల మీద గోనెసంచులు, ఒకదానికొకటి కుట్టి దుప్పట్లలా పరిచారు. ప్రతి ఇంటికీ నిచ్చెన వేసి ఉంది. ఆడవాళ్ళు గని గుంతలోంచి బిందెలతో నీళ్ళు తెచ్చి, నిచ్చెనెక్కి, సంచుల మీద పోస్తున్నారు.

హుసేనమ్మ ఎవరని అడగకుండానే ఆమె వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. అరచేతులు పగిలి తెల్లగా ఉన్నాయి.

"చల్లగా ఉండాదని రాసింది నువ్వేనా?"

నేనేనమ్మా అన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

రోజుకు మూడుసార్లు, ఇంటికి ఆరేడు బిందెలు పోస్తారట. మొదటిసారి పొద్దున పదికి ముందే. ఏడేళ్ళుగా ఇదే పని. గని నీళ్ళు తాగడానికి పనికిరావు గానీ రేకులకు పనికొస్తాయి. పక్కింటి తడి సంచులకు పరికరం గురిపెడితే ముప్పై నాలుగు చూపించింది. అదే ఇంట్లో అడుగు పెడితే ఉక్కకు ఊపిరి ఆడలేదు. నా ట్యాబులో మ్యాపు తీసి, ఈ నీలం చుక్కే మీ కాలనీ, కెమెరా పైనుంచి చూసింది ఈ తడి సంచుల్ని అని చెప్పాను. తర్వాత మా పైవాళ్ళకు రెండు మీటింగుల్లో కూడా ఎక్కని మాట ఆమెకు ఒక్క క్షణంలో ఎక్కింది.

"అంటే మేము మోసిన నీల్లే మాకు అడ్డం వచ్చినాయి."

అవునన్నాను. రేపు పొద్దున సంచులు తీసేయాలి, చుక్క నీరు పోయకూడదు, నేను చెప్పేదాకా ఎవరూ నిచ్చెన ఎక్కకూడదు అన్నాను. ఎంతసేపని అడిగింది. పదిన్నర దాటాక నేను చూసుకుని చెప్తాను అన్నాను. ఆమె తిరిగి తన ఇంటి తలుపు వైపు చూసింది. ఎందుకో నేను అడగలేదు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒక ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు. పైన యాడో తిరిగేదాని కోసం ఈడ మేము కాలల్లనా అన్నాడు. న్యాయమైన మాటే. హుసేనమ్మ ఆయన చేయి పట్టుకుని, "ఒక్క పూటకే కదన్నా, ఆయమ్మ చెప్పేదాకా ఓర్చుకుందాం" అంది. ఆయన చేయి విడిపించుకుని, గొణుక్కుంటూ ఇంట్లోకి పోయాడు.

గురువారం

ఎనిమిదింటికి సంచులన్నీ దిగాయి. మడిచి గుమ్మాల పక్కన పెట్టారు. ఆకాశం తేటగా ఉంది. ముందు రోజు చూసిన తెల్ల ముక్క లేదు. నేను పది ఇళ్ళు ఎంచుకుని, నిచ్చెన మీంచి రేకుల వేడి రాసుకుంటూ తిరుగుతున్నాను. తొమ్మిదికి నలభై మూడు. తొమ్మిదిన్నరకు నలభై తొమ్మిది. అంకె పెరిగే కొద్దీ నాకు లోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పది కాకముందు హుసేనమ్మ ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. పసిబిడ్డ ఏడుపు. తలుపు తోసుకుని వెళ్ళాను. చీర అడ్డం కట్టిన మూలలో ఆమె కూతురు మస్తానమ్మ, చెవుల్లో దూది, తలకు గుడ్డ. ఒళ్ళో తొమ్మిదో రోజు ఆడబిడ్డ. కిటికీ మూసి ఉంది. ఫ్యాను తిరగడం లేదు, బాలింతకు గాలి తగిలితే సన్నిపాతం వస్తుందని. మా వైపూ ఈ పథ్యాలున్నాయి గానీ పదకొండో రోజుకు సడలిపోతాయి. ఇక్కడ నలభై రోజులు, చిల్లా తీరేదాకా గడప దాటకూడదు. గదిలో గోడే నలభై ఒకటి ఉంది.

ఎందుకు చెప్పలేదమ్మా అని అరిచినంత పని చేశాను. హుసేనమ్మ నెమ్మదిగానే జవాబిచ్చింది.

"చెప్తే నువ్వు వద్దంటావు కదా. ఈ దినం పోతే మల్లా యాడ?"

బిడ్డ ఏడుపు సన్నబడుతోంది. రొమ్ము అందిస్తే పట్టడం లేదు. పది దాటి పది నిమిషాలు. మీ ఒక్క ఇంటి మీద పోయండి, పైనుంచి కెమెరాకు కనిపించే ఒక్కో గడి వంద మీటర్లు ఉంటుంది, ఒక్క ఇల్లు తడిస్తే ఏమీ మారదు అన్నాను. అది నిజం. ఆమె వినలేదు.

"నా ఇంటి మీద పోసుకొని అందర్నీ ఆపితే నా మొగం యాడ పెట్టుకోవల్ల? ఆ ముసలాయన ఊరుకుంటాడా? ఒకరు ఎక్కితే అందురూ ఎక్కుతారు."

అదీ నిజమే. బయట గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి మా వైపే చూస్తున్నారు. అందరి చేతుల్లో ఖాళీ బిందెలు. జీపులో ఏసీ ఉంది, కమలాపురంలో ఆస్పత్రి ఉంది అన్నాను. చిల్లా తీరకుండా గడప దాటిస్తే రేపు ఏమైనా అయితే నువ్వు నిలబడతావా అని మస్తానమ్మ ఏడ్చింది. పది ఇరవై. నా చేతిలో పరికరం ఉంది, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. బిడ్డ ఏడుపు వింటూనే టైము చూస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

హుసేనమ్మ లేచింది. తన పాత చీర ఒకటి నీళ్ళ కుండలో ముంచి పిండి, బిడ్డ చుట్టూ వదులుగా కప్పి, భుజాన వేసుకుని గడప దాటింది. కూతురి వైపు తిరిగి, "రా, పాపం నాది" అంది. మస్తానమ్మ తల మీది గుడ్డ లాక్కుంటూ వెనకే నడిచింది. ఓబులేసు అప్పటికే జీపు స్టార్టు చేసి ఉంచాడు. పది ఇరవై ఎనిమిదికి వాళ్ళు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఆ ఎనిమిది నిమిషాల కోసం ఆగిపోయాను.

పది ముప్పై ఆరుకు పైన ఏమీ కనపడలేదు. శబ్దం లేదు. నిచ్చెన మీద నిలబడి రేకు వేడి రాశాను. యాభై ఆరు. దిగి రెండో ఇల్లు, మూడో ఇల్లు. పది ఇళ్ళూ అయ్యేసరికి పది నలభై ఎనిమిది. అప్పుడే ఓబులేసు ఫోను. బిడ్డ కళ్ళు తెరవడం లేదు, కడపకు తీసుకుపొమ్మన్నారు, పోతాండాం అన్నాడు.

బండలు దింపి తిరిగిపోతున్న లారీ ఒకటి ఎదురుపడితే చేయెత్తి ఆపాను. సంచి భుజాన వేసుకుని పరుగెత్తుతుంటే వెనక నుంచి ఎవరో ఏదో అడిగారు. వినిపించలేదు. చేయి ఊపి లారీ ఎక్కాను. లారీ మనిషి ఎక్కడికని అడిగి, కడప దాకా తోలాడు. డబ్బు తీసుకోలేదు.

ఆస్పత్రిలో పిల్లల వార్డు బయట బల్ల మీద హుసేనమ్మ కూర్చుని ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయని, ఇంకో గంట ఆలస్యమైతే చేయిదాటేదని డాక్టరు చెప్పాడట. సాయంత్రం నాలుగింటికి బిడ్డ పాలు పట్టింది. ఆ మాట విని, పోయి హుసేనమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాను. బిడ్డను రెండు రోజులు ఉంచుకుని పంపిస్తామన్నారు. చిల్లా చెడగొట్టినానని మావోళ్ళు అంటారులే, అననీ అంది హుసేనమ్మ. ఆమె ఫోనులో నా నెంబరు ఎక్కించి, రాత్రి రైలుకు బయల్దేరాను. స్టేషన్లో ఓబులేసు, "పని అయినట్టేనా మేడం?" అన్నాడు. అయిందన్నాను.

మళ్ళీ హైదరాబాదు

శుక్రవారం సాయంత్రానికి బొమ్మ వచ్చింది. నీలం చుక్క ఉండాల్సిన చోట ముదురు ఎరుపు. నేను నిచ్చెన మీంచి రాసుకున్న అంకెలకూ దానికీ డిగ్రీన్నర కూడా తేడా లేదు. రాత్రి కూర్చుని రిపోర్టు రాశాను. ఆడవాళ్ళు మోసే నీళ్ళను ఉపగ్రహం చల్లదనంగా చూసిందని, ఇలాంటి కాలనీలు ఇంకా ఉండొచ్చని, మ్యాపు నమ్మే ముందు మనిషిని పంపాలని రాశాను. శనివారం మధ్యాహ్నం రెండింటికి కడప నుంచి జవాబు వచ్చింది. గీత తీసేశారు. కాలనీ జాబితాలో ఉంది. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. పదేళ్ళలో నా పనికి నేను ఇంత పొంగిపోయింది లేదు.

హుసేనమ్మకు ఫోను చేశాను. అప్పుడే బిడ్డతో ఇంటికి చేరిందట. బిడ్డ బాగుంది. మీ కాలనీని చేర్చారమ్మా, రేకులకు పూత వేస్తారు, షెడ్డు కడతారు అని చెప్పాను. మంచిదమ్మా అంది. గొంతులో నేను ఎదురుచూసిన సంతోషం లేదు. ఆ వెంటే అడిగింది.

"మరి ఇంక నీల్లు పోసుకోవచ్చునా?"

నాకు అర్థం కాలేదు. ఏ నీళ్ళమ్మా అన్నాను.

"నువ్వు చెప్పేదాకా పోయొద్దంటివి కదా. నేను ఆస్పత్రిలో ఉంటి, నాకు ఎవురూ చెప్పలే. ఈడ ఎవురికీ నీ నెంబరు తెల్దు. నువ్వు లారీ ఎక్కేటప్పుడు అడిగినారంట, చెయ్యి ఊపితివంట. మొన్న బేస్తారం కాడ్నుంచి సంచులు మడిచినవి మడిచినట్టే ఉండాయి. అందురూ చెట్లు వెతుక్కొని పండుకుంటాండారు. ఆ ముసలాయన కూడా పోసుకోలే, ఆయమ్మ ఇంకా చెప్పలేదు అంటాండాడు."

పోయండి అన్నాను. పోయండమ్మా, ఇప్పుడే పోయండి. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాను గానీ ఆమె అప్పటికే ఫోను పక్కన పెట్టి, అందరికీ వినపడేలా కేకేస్తోంది, పోసుకోమన్నాది, పోసుకోండి అని.

నా రిపోర్టులో గురువారం పదిన్నర దాకా జరిగిందంతా ఉంది. ఆ తర్వాతి రెండు రోజుల గురించి ఒక్క ముక్క లేదు. దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. అందుకే ఇక్కడ రాశాను.